కన్వర్ట్ చేస్తే క్లారిటీ పోతోందా?

ఓ ప్రొడక్షన్ సంస్థలో ఎడిటర్ ఉద్యోగానికి దరఖాస్తు చేశారనుకోండి. ఇంటర్వ్యూలో ప్రశ్నలేం పెద్దగా అడగలేదు. హార్డ్‌డిస్క్ ఒకటి చేతికిచ్చి, 'ఇందులో నలభై నిమిషాల ఫుటేజ్ ఉంది. రేపు సాయంత్రానికి మూడు నిమిషాల వీడియో చేసి పట్టుకురండి' అన్నారు. ఇంటికొచ్చి సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తే క్లిప్పులు నత్తనడక నడుస్తున్నాయి. ఒకటి రెండు అసలు తెరుచుకోవడమే లేదు. ఇంకోదాంట్లో మాట వినిపిస్తోంది, బొమ్మ లేదు. నెట్‌లో వెతికి, ముందు కనిపించిన ఉచిత కన్వర్టర్‌ను డౌన్‌లోడ్ చేసుకుని అన్నింటినీ ఎంపీ4లోకి మార్చేశారు. హమ్మయ్య, ఇప్పుడు హాయిగా నడుస్తున్నాయి. కట్ కుదిరింది, మ్యూజిక్ కుదిరింది. తీసుకెళ్లి ఇచ్చారు. పెద్ద మానిటర్ మీద చూసిన సీనియర్ ఎడిటర్ అరనిమిషం గడవకముందే అడిగాడు: 'ఆకాశంలో ఆ చారలేంటి? మేం ఇచ్చినదాంట్లో లేవే!'

మీ కటింగ్‌లో లోపం లేదు. లోపమంతా ఎడిటింగ్ మొదలుకాకముందే, ఆ కన్వర్టర్ నడిచిన పావుగంటలో జరిగిపోయింది. ఇక ఎన్ని ఎఫెక్టులు వేసినా ఆ చారలు పోవు.

ఎడిటింగ్ ఉద్యోగాలకు ప్రయత్నించే యువతీయువకుల్లో ప్రీమియర్ ప్రో, డావిన్సీ రిజాల్వ్ ముట్టుకోనివాళ్లు ఇప్పుడు తక్కువే. ట్రాన్సిషన్లు, టైటిళ్లు, కలర్ గ్రేడింగ్ అన్నీ యూట్యూబ్ చూసి నేర్చేసుకుంటున్నారు. కానీ ఫైలు చేతికందినప్పటి నుంచి టైమ్‌లైన్ మీదికి వెళ్లేలోపు దాన్ని ఏం చేయాలి, ఏం చేయకూడదు అనేది మాత్రం చాలామంది పట్టించుకోరు. చిత్రమేమిటంటే, పోస్ట్ ప్రొడక్షన్‌లో ఫ్రెషర్ చేతికి మొదట వచ్చేది సరిగ్గా ఆ పనే. ఎవరూ మొదటిరోజే మీకు సినిమా ఎడిట్ అప్పగించరు. కార్డులు కాపీ చేయమంటారు, ఫైళ్లు మార్చమంటారు. అందుకే ఈ విషయం కాస్త వివరంగా చూద్దాం.

11 జీబీని 60 ఎంబీలో కుక్కితే...

ముందు చిన్న లెక్క. ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్ అంటే 1920 అడ్డం, 1080 నిలువు. మొత్తం దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు రాయడానికి 3 బైట్లు వేసుకుంటే ఒక్క ఫ్రేముకే 6.2 ఎంబీ. సెకనుకు 30 ఫ్రేములు కాబట్టి 186 ఎంబీ. నిమిషానికి 11 జీబీ దాటిపోతుంది. ఇప్పుడు ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడండి. హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌లో 1080పీ, 30 ఫ్రేముల వీడియోకు నిమిషానికి సుమారు 60 ఎంబీ పడుతుందని అక్కడే రాసి ఉంటుంది. అంటే 180 రెట్లకు పైగా కుదించేశారన్నమాట!

ఇది ఊరికే జరగదు. కన్ను పెద్దగా పట్టించుకోని వివరాన్ని కంప్రెషన్ పారేస్తుంది. పక్క పిక్సెల్‌ను బట్టో, ముందు ఫ్రేమును బట్టో ఊహించగలిగినదాన్ని అసలు రాయదు. 2003లో వచ్చిన హెచ్.264, దాని తర్వాత 2013లో వచ్చిన హెచ్.265 (హెచ్‌ఈవీసీ అన్నా ఇదే) ఈ విద్యలో ఆరితేరినవి. చూడటానికి, పంపడానికి వీటిని మించినవి లేవనిపిస్తాయి. కానీ పారేసింది పారేసినట్టే. ఆ ఫైలును తీసుకెళ్లి మళ్లీ హెచ్.264లోకి మారిస్తే, మిగిలినదాంట్లోంచి ఇంకొంత పోతుంది. జిరాక్స్‌కు జిరాక్స్, దానికి ఇంకో జిరాక్స్ తీస్తే అక్షరాలు ఎలా మసకబారతాయో మీకు తెలుసు. హాల్‌టికెట్ మీద ఫొటో గుర్తుపట్టలేనంతగా తయారవడం చూసే ఉంటారు. వీడియోలోనూ అదే కథ.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. కన్వర్టర్‌లో బిట్‌రేట్‌ను 8 నుంచి 50 ఎంబీపీఎస్‌కు పెంచితే క్లారిటీ పెరుగుతుందనుకుంటారు. పెరగదు. ఫైలు లావెక్కుతుంది, అంతే. కొత్తగా నష్టం జరగకుండా ఆ పెద్ద బిట్‌రేట్ కాపాడుతుంది తప్ప పాత నష్టాన్ని పూడ్చదు. 1080పీని 4కే చేసినా అంతే. ఏఐతో మెరుగుపరిచే టూల్స్ ఉన్నాయి కదా అంటారా? అవి లేని వివరాన్ని ఊహించి గీస్తాయి. ముఖం బాగానే కనిపించవచ్చు, కానీ అది కెమెరా చూసిన ముఖం కాదు. వార్తల వీడియోలోనో, డాక్యుమెంటరీలోనో అలా చేస్తే అది వేరే తగువు.

డబ్బా వేరు, లోపలి కూర వేరు

'ఫైల్ ఎంపీ4లో ఉందా, ఎంకేవీలో ఉందా?' అనేది చాలామంది అడిగే మొదటి ప్రశ్న. నిజానికి అది చివర అడగాల్సింది. ఎంపీ4, ఎంఓవీ, ఎంకేవీ... ఇవన్నీ డబ్బాలు. సాంకేతికంగా కంటెయినర్లు. వీడియో, ఆడియో, సబ్‌టైటిళ్లు ఆ డబ్బాలో సర్ది ఉంటాయి. లోపలి వీడియోను ఏ పద్ధతిలో కుదించారో చెప్పేది కోడెక్. స్టీలు డబ్బాలో ఉన్నంత మాత్రాన అది పప్పో, పులుసో తెలియదు కదా! ఒకే హెచ్.264 వీడియో ఈ మూడు డబ్బాల్లో దేంట్లోనైనా ఉండొచ్చు.

ఈ తేడా తెలిస్తే సగం కన్వర్షన్లు అక్కర్లేదని మీకే అర్థమవుతుంది. ఉదాహరణకు, స్క్రీన్ రికార్డింగ్ కోసం ఓబీఎస్ వాడేవాళ్లు చాలామంది ఎంకేవీలో రికార్డ్ చేస్తారు. మధ్యలో కరెంటు పోయినా ఫైలు పాడవదని. కానీ కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఎంకేవీని తీసుకోవు. వెంటనే కన్వర్టర్ వెతకనక్కర్లేదు. ఓబీఎస్‌లోనే ఫైల్ మెనూలో 'రీమక్స్ రికార్డింగ్స్' అని ఉంటుంది. అది లోపలి వీడియోను ముట్టుకోకుండా డబ్బా మాత్రం మారుస్తుంది. ఒక్క పిక్సెల్ కూడా మారదు. పని క్షణాల్లో అయిపోతుంది. 2000లో మొదలై ఇవాళ సగం వీడియో ప్రపంచాన్ని మోస్తున్న ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత టూల్‌లోనూ కోడెక్ దగ్గర 'కాపీ' అని రాస్తే ఇదే జరుగుతుంది. కమాండ్లు రాయడం బెరుకనిపిస్తే షట్టర్ ఎన్‌కోడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 'రీర్యాప్' ఎంచుకోండి. పొడవాటి రికార్డింగ్‌లో కావాల్సిన ముక్క మాత్రమే కోసుకోవాలంటే లాస్‌లెస్‌కట్ ఉంది.

హ్యాండ్‌బ్రేక్ సంగతి చెప్పాలి, ఎందుకంటే అందరి లాప్‌టాప్‌లోనూ అది ఉంటుంది. మంచి సాఫ్ట్‌వేరే. కానీ వీడియోను అది ప్రతిసారీ కొత్తగా ఎన్‌కోడ్ చేస్తుంది. డబ్బా మాత్రం మార్చి ఊరుకోవడం దానికి రాదు. పూర్తయిన వీడియోను చిన్నది చేయడానికి బాగుంటుంది గానీ, ఎడిటింగ్‌కు ముందు ఫుటేజ్‌ను దాంట్లో వేయడం అనవసర నష్టం.

కాబట్టి ఫైలు చేతికి రాగానే మొదట చేయాల్సింది కన్వర్ట్ కాదు, పరీక్ష. మీడియాఇన్ఫో అనే చిన్న ఉచిత టూల్‌లోకి ఫైలును లాగి వదిలితే కోడెక్, ఫ్రేమ్‌రేట్, బిట్ డెప్త్, రంగుల వివరాలు, ఆడియో అన్నీ చెప్పేస్తుంది. రోగం తెలియకుండా మందు వేయకూడదు కదా.

డిట్టో గుర్తులతో వచ్చే చిక్కు

మరి డబ్బా సరైనదే అయినా, ఫోన్‌లో చక్కగా ఆడే వీడియో టైమ్‌లైన్ మీద ఎందుకు మొరాయిస్తుంది? దీనికి సమాధానం చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మీ మీద గౌరవం పెరుగుతుంది.

కిరాణా కొట్టు ఖాతా పుస్తకం గుర్తు తెచ్చుకోండి. మొదటి వరుసలో వివరం పూర్తిగా రాసి, కింద వరుసల్లో డిట్టో గుర్తులు పెట్టుకుంటూ పోతారు. హెచ్.264 చేసేదీ అదే. ఒక ఫ్రేమును పూర్తిగా రాస్తుంది. దాన్ని ఐ-ఫ్రేమ్ అంటారు. తర్వాతి వాటిలో 'పై మాదిరే, కాకపోతే చెయ్యి కాస్త కుడికి జరిగింది' అని తేడా మాత్రం రాస్తుంది. కొన్ని ఫ్రేములైతే ముందున్నదాన్నీ, తర్వాత రాబోయేదాన్నీ రెండింటినీ చూసి లెక్కగట్టాలి. వీడియోను మొదటి నుంచి చివరికి చూస్తున్నప్పుడు ఇబ్బంది లేదు. ఎడిటర్ అలా చూడడు. ఇక్కడ ఆగుతాడు, వెనక్కి లాగుతాడు, ఒక ఫ్రేము అటూ ఇటూ జరుపుతాడు. ఆగిన ప్రతిచోటా కంప్యూటర్ వెనక్కి పరిగెత్తి అసలు వరుస ఎక్కడుందో వెతికి, అక్కడి నుంచి డిట్టోలన్నీ విప్పుకుంటూ రావాలి. అందుకే ఫ్యాను గోల పెడుతుంది.

దీనికి పరిష్కారంగానే ఎడిటింగ్ కోసం ప్రత్యేకంగా కొన్ని కోడెక్‌లు పుట్టాయి. అవిడ్ సంస్థ 2004లో డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీని, యాపిల్ 2007లో ఫైనల్ కట్ స్టూడియో 2తో పాటు ప్రోరెస్‌ను తెచ్చాయి. 4కే, అంతకు పైబడిన సైజుల కోసం అవిడ్ తర్వాత డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌ను జోడించింది. వీటిలో ప్రతి ఫ్రేమూ పూర్తిగా రాసి ఉంటుంది. డిట్టోలు ఉండవు. కంప్రెషన్ ఉంటుంది గానీ చాలా తేలికగా. రెండు మూడుసార్లు మార్చినా కంటికి తేడా చిక్కదు. వీటిని ఇంటర్మీడియట్ కోడెక్‌లు అంటారు. కెమెరాకూ, తుది వీడియోకూ మధ్య మజిలీ అన్నమాట.

వెల ఏమిటంటే సైజు. 1080పీ, 30 ఫ్రేముల వీడియోకు ప్రోరెస్ 422 సుమారు 147 ఎంబీపీఎస్ తీసుకుంటుంది. అంటే నిమిషానికి 1.1 జీబీ. ఇందాక ఐఫోన్‌లో 60 ఎంబీ ఉన్నది ఇప్పుడు దాదాపు 18 రెట్లయింది. మొదట చెప్పుకున్న నలభై నిమిషాల ఫుటేజ్‌కు 44 జీబీ కావాలి. 4కే అయితే ఇది నాలుగింతలు. ఫైలు ఇంత పెరిగిందేంటని కంగారుపడి సైజు తగ్గించే సెట్టింగ్‌లు నొక్కేవాళ్లుంటారు. మొదటికే మోసం వచ్చేది అక్కడే. ఎడిటింగ్ ఫైలు పెద్దగానే ఉండాలి. అది తాత్కాలికం, పని అయ్యాక తీసేయొచ్చు.

ఏది ఎంచుకోవాలి? మామూలు ఫోన్, సాధారణ కెమెరా 8 బిట్ ఫుటేజ్ అయితే ప్రోరెస్ ఎల్‌టీ సరిపోతుంది, అది నిమిషానికి 770 ఎంబీ దరిదాపుల్లో ఉంటుంది. కాస్త ధైర్యం కావాలంటే ప్రోరెస్ 422. ఫోన్ వీడియోను తీసుకెళ్లి ప్రోరెస్ 4444లో పెట్టేవాళ్లున్నారు, పెద్ద అంకె మంచిదనే నమ్మకంతో. అది బిందెడు నీళ్ల కోసం ట్యాంకరు కొనడమే. 4444 అవసరం పారదర్శకమైన బ్యాక్‌గ్రౌండ్ ఉన్న గ్రాఫిక్స్‌కు, వీఎఫ్‌ఎక్స్ షాట్లకు.

అసలు జాగ్రత్త 10 బిట్ ఫుటేజ్ దగ్గర కావాలి. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు. 10 బిట్‌లో 1024. సంధ్యవేళ ఆకాశంలో రంగు నెమ్మదిగా మారుతుంది చూడండి, అక్కడ 256 మెట్లు చాలవు. గ్రేడింగ్‌లో కాస్త కాంట్రాస్ట్ పెంచగానే మెట్టుకూ మెట్టుకూ మధ్య గీత బయటపడుతుంది. మొదట్లో ఆ సీనియర్ అడిగిన చారలు ఇవే. ఇచ్చిన ఫుటేజ్ 10 బిట్, ఆ ఉచిత కన్వర్టర్ చడీచప్పుడు లేకుండా 8 బిట్‌కు దించేసింది. ప్రోరెస్ 422 రకాలన్నీ 10 బిట్‌వే కాబట్టి భయం లేదు. డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌లో మాత్రం ఒక ఉచ్చు ఉంది. ఎల్‌బీ, ఎస్‌క్యూ, హెచ్‌క్యూ మూడూ 8 బిట్. 'హై క్వాలిటీ' అని పేరు చూసి హెచ్‌క్యూ ఎంచుకుంటే మీ 10 బిట్ పోయినట్టే. హెచ్‌క్యూఎక్స్ ఎంచుకోవాలి. ఒక్క అక్షరం తేడా!

ఇంకో అంకె 4:2:0 అని కనిపిస్తుంది. కన్ను వెలుతురును పట్టినంతగా రంగును పట్టదు కాబట్టి, వెలుతురు విలువ ప్రతి పిక్సెల్‌కూ రాసి, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒక్కటే రాస్తారు. 4:2:2 అయితే రెండింటికి ఒకటి. కెమెరా 4:2:2 ఇచ్చినప్పుడు దాన్ని 4:2:0కు దించితే మామూలు షాట్లలో తెలియదు గానీ, గ్రీన్ స్క్రీన్ తీసేటప్పుడు జుట్టు అంచుల్లో పళ్లు బయటపడతాయి.

ప్రోరెస్ మ్యాక్‌కు మాత్రమే అనే మాట ఇంకా వినిపిస్తుంటుంది. 2018 చివరి నుంచే అడోబ్ సాఫ్ట్‌వేర్లు విండోస్‌లోనూ ప్రోరెస్ ఎక్స్‌పోర్ట్ చేస్తున్నాయి. షట్టర్ ఎన్‌కోడర్‌లో రెండు కోడెక్‌లూ ఉన్నాయి. ఉచితంగా దొరికే షాట్‌కట్ వాడేవాళ్లకైతే ఇంకా సులువు. ఇబ్బందిపెట్టే ఫైలు వేయగానే 'ఎడిటింగ్‌కు అనువుగా మార్చమంటారా?' అని అదే అడిగి, గుడ్, బెటర్, బెస్ట్ అని మూడు స్థాయులు చూపిస్తుంది. బెస్ట్ అంటే అసలు నష్టమే లేనిది. డిస్క్‌లో చోటు చూసుకుని నొక్కండి.

రష్ ప్రింట్ల నాటి కిటుకు

'నా లాప్‌టాప్‌లో అంత చోటు లేదు, 8 జీబీ ర్యామ్' అంటారా? మీలాంటివాళ్ల కోసం ఇంకో దారి ఉంది. పైగా అది మన సినిమా వాళ్లకు కొత్తేం కాదు.

ఫిల్మ్ రోజుల్లో ఎడిటర్ నెగెటివ్‌ను ముట్టుకునేవాడు కాదు. గీత పడితే సినిమా పోయినట్టే మరి. ల్యాబ్‌లో నెగెటివ్ నుంచి పాజిటివ్ రష్ ప్రింట్ తీసి ఇచ్చేవారు. మూవియోలా మీద దాన్నే కోసి, అతికించి, మళ్లీ విప్పి సినిమా తయారుచేసేవారు. రష్ ప్రింట్ మీద గీతలు పడ్డా, మాసినా ఫర్వాలేదు. అంతా ఖాయమయ్యాక ఫిల్మ్ అంచున ఉండే నంబర్లను చూసుకుంటూ నెగెటివ్‌ను సరిగ్గా అక్కడక్కడే కట్ చేసేవారు. ప్రేక్షకుడు చూసే ప్రింట్ ఆ నెగెటివ్ నుంచి వచ్చేది.

ఇప్పటి ప్రాక్సీ సరిగ్గా ఇదే. అసలు ఫైళ్లను అలాగే ఉంచి, వాటికి చిన్న నకళ్లు తయారుచేసుకుంటారు. ఎడిట్ అంతా నకళ్లతో. ఎక్స్‌పోర్ట్ సమయంలో సాఫ్ట్‌వేర్ అసలు ఫైళ్లనే తీసుకుంటుంది. కాబట్టి నకలు ఎంత మసకగా ఉన్నా తుది వీడియోలో నష్టం సున్నా. ప్రీమియర్‌లో క్లిప్ మీద రైట్ క్లిక్ చేస్తే ప్రాక్సీ ఆప్షన్ వస్తుంది. రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనూ, కెడెన్‌లైవ్‌లోనూ, షాట్‌కట్‌లోనూ ఈ సౌకర్యం ఉంది. నా మాట వింటే, లాప్‌టాప్ మీద పనిచేసేవాళ్లు కన్వర్షన్ గురించి ఆలోచించే ముందు ప్రాక్సీ అలవాటు చేసుకోండి. క్వాలిటీ కాపాడటంలో దీన్ని మించిన పద్ధతి లేదు, ఎందుకంటే అసలు ఫైలును మీరు మార్చనే మార్చలేదు.

రెండే రెండు జాగ్రత్తలు. నకలు ఫైలు పేరు, ఫ్రేమ్‌రేట్, టైమ్‌కోడ్, ఆడియో చానళ్ల సంఖ్య అసలుతో కలవాలి. లేదంటే చివర్లో ఒకదానికొకటి అతకవు. రెండోది, రిజాల్వ్‌లో డెలివర్ పేజీ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో 'యూజ్ ప్రాక్సీ మీడియా' అనే గడి ఉంటుంది. తొందరగా అవుతుందని దానికి టిక్ పెట్టి క్లయింటుకు పంపితే, మీరు పంపింది రష్ ప్రింటే.

మాట ఒకచోట, పెదాలు ఇంకోచోట

బొమ్మ బాగుంటే చాలదు. అరగంట ఇంటర్వ్యూను ఫోన్‌లో తీసి, మైక్ ఆడియో విడిగా రికార్డ్ చేసి, రెండూ టైమ్‌లైన్ మీద కలిపారు. మొదట్లో బాగానే ఉంది. ఇరవయ్యో నిమిషం వచ్చేసరికి మాట ముందు వినిపిస్తోంది, పెదాలు తర్వాత కదులుతున్నాయి. దీనికి ఎక్కువసార్లు కారణం ఫోన్లు వాడే వేరియబుల్ ఫ్రేమ్‌రేట్. వెలుతురు తగ్గినా, ఫోన్ వేడెక్కినా సెకనుకు 30 అన్నది 29 కావచ్చు, 27 కావచ్చు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు మాత్రం స్థిరమైన అంకెను కోరుకుంటాయి. ఇలాంటప్పుడు కన్వర్షన్ తప్పనిసరి. మార్చేటప్పుడు కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని, ప్రోరెస్ లాంటి ఇంటర్మీడియట్ కోడెక్‌లోకి తీసుకోండి. ఫైలు ఏ రకమో మీడియాఇన్ఫోలో 'ఫ్రేమ్ రేట్ మోడ్' అనే వరుస చెబుతుంది.

ఫ్రేమ్‌రేట్‌ను మాత్రం మీ ఇష్టానికి మార్చొద్దు. మన దగ్గర టీవీకి 25, సినిమాకు 24. కెమెరా 25లో తీస్తే, కన్వర్టర్ డిఫాల్ట్‌గా 30 పెట్టిందనుకోండి, సెకనుకు ఐదు ఫ్రేములు రెండేసిసార్లు కనిపిస్తాయి. కెమెరా పక్కకు తిరిగే షాట్‌లో ఆ కుదుపు ఎవరికైనా తెలుస్తుంది. 29.97ను 30గా చదివితే ఏమవుతుందిలే అనుకోకండి. గంటకు 3.6 సెకన్లు జరిగిపోతుంది. ఆడియో విషయానికొస్తే 48 కిలోహెర్ట్జ్, వేవ్ లేదా పీసీఎం. ఎంపీ3 వద్దు.

రంగు వెలిసిపోవడం ఇంకో ఫిర్యాదు. ఐఫోన్ 12 నుంచి చాలా ఐఫోన్లు హెచ్‌డీఆర్‌లో రికార్డ్ చేస్తున్నాయి. దాన్ని మామూలు రెక్.709 టైమ్‌లైన్‌లోకి సరైన మార్పిడి లేకుండా తెస్తే ముఖాలు తెల్లగా పేలిపోతాయి, లేదా బూడిద పూసినట్టుంటాయి. ఇది క్వాలిటీ పోవడం కాదు, భాష అర్థంకాకపోవడం. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కలర్ మేనేజ్‌మెంట్‌లో సరిదిద్దుకోవచ్చు. కానీ ముందే ఓ కన్వర్టర్‌తో తెల్లబోయిన రూపంలో కాల్చేస్తే ఇక దిక్కులేదు. హెచ్‌డీఆర్ అవసరం లేని పనికి షూట్ చేసే ముందే ఫోన్‌లో దాన్ని ఆపేయడం ఉత్తమం.

షూట్‌కు వెళ్లిన స్నేహితుడు ఫుటేజ్‌ను వాట్సాప్‌లో వీడియోగా పంపితే? వద్దని చెప్పండి. డాక్యుమెంట్‌గా పంపమనండి, అలాగైతే 2 జీబీ వరకు ఉన్నది ఉన్నట్టే వస్తుంది. లేదంటే డ్రైవ్‌లో పెట్టమనండి, ఇంకా మంచిదేమిటంటే కార్డే తెచ్చిమ్మనండి.

ఈ పని ఎవరికి కావాలి?

అసిస్టెంట్ ఎడిటర్ రోజులో సగం ఇదే. కార్డు నుంచి రెండుచోట్లకు కాపీ చేయడం, కాపీ సరిగ్గా వచ్చిందో చెక్‌సమ్‌తో చూడటం, ఆడియో సింక్ చేయడం, ప్రాక్సీలు తయారుచేయడం, ఎడిట్ ఖాయమయ్యాక కలర్ వాళ్లకు, సౌండ్ వాళ్లకు వాళ్లు అడిగిన ఫార్మాట్‌లో ఇవ్వడం. సెట్‌లోనే ఈ పని చూసేవారిని డీఐటీ అంటారు. టీవీ చానళ్లలో ఇంజెస్ట్ విభాగం ఉంటుంది. ఓటీటీలకు వెళ్లే ఫైళ్లను ఫ్రేము ఫ్రేముకూ పరీక్షించే క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాలు ఉంటాయి. చివరి గమ్యాలు కూడా తెలిసి ఉంటే మంచిది. థియేటర్‌కు వెళ్లేది డీసీపీ, అందులో బొమ్మ జేపెగ్ 2000లో ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ లాంటి సంస్థలు ఐఎంఎఫ్ ప్యాకేజీ అడుగుతాయి. యూట్యూబ్ అయితే మీరేం పంపినా తనకు నచ్చినట్టు మళ్లీ కుదించుకుంటుంది. అందుకే దానికి పంపే ఫైలు బిట్‌రేట్‌లో పిసినారితనం వద్దు.

దీంట్లోంచే ఇంకో సంగతి. షోరీల్ చేసేటప్పుడు పాత వీడియోలను యూట్యూబ్ నుంచి డౌన్‌లోడ్ చేసుకుని అతికించేవాళ్లు ఎంతమందో! అప్పటికే అది మూడో జిరాక్స్. మీరు చేసిన ప్రతి పనికీ ప్రోరెస్‌లోనో, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌లోనో ఒక మాస్టర్ ఫైలు హార్డ్‌డిస్క్‌లో దాచుకోండి. రెండేళ్ల తర్వాత ఎవరు ఏ సైజులో అడిగినా దాంట్లోంచి తీసి ఇవ్వొచ్చు.

ఇంటర్వ్యూలో 'ఈ ఫైలు నడవట్లేదు, ఏం చేస్తారు?' అని అడిగితే, 'కన్వర్ట్ చేస్తా' అనొద్దు. 'ముందు మీడియాఇన్ఫోలో చూస్తా. డబ్బా సమస్యైతే రీర్యాప్, కంప్యూటర్ బలం చాలకపోతే ప్రాక్సీ, ఫ్రేమ్‌రేట్ సమస్యైతే 10 బిట్ ఇంటర్మీడియట్‌లోకి ట్రాన్స్‌కోడ్' అనండి. ఎదుటివాళ్లు కుర్చీలో కాస్త ముందుకు జరుగుతారు.

ఇదంతా నమ్మాల్సిన పనిలేదు, మీరే చూసుకోవచ్చు. ఆకులూ, ఆకాశమూ ఉన్న పది సెకన్ల షాట్ ఒకటి తీసుకోండి. దాన్ని ఒకసారి రీర్యాప్ చేయండి, ఒకసారి ప్రోరెస్ 422లోకి, ఇంకోసారి ఉచిత కన్వర్టర్ డిఫాల్ట్ సెట్టింగ్‌తో ఎంపీ4లోకి మార్చండి. టైమ్‌లైన్‌లో కింది ట్రాక్ మీద అసలు క్లిప్, పై ట్రాక్ మీద మార్చినది పెట్టి, పైదాని బ్లెండ్ మోడ్‌ను 'డిఫరెన్స్' చేయండి. రెండూ ఒకటే అయితే తెర మొత్తం నల్లగా ఉంటుంది. రీర్యాప్ చేసిన క్లిప్‌కు అదే వస్తుంది. ప్రోరెస్‌కు కూడా కళ్లు చిట్లించి చూసినా పెద్దగా ఏమీ దొరకదు, ఎక్స్‌పోజర్ బాగా పెంచితే సన్నటి ఇసుక రాలినట్టుంటుంది. ఇప్పుడు మూడోది పెట్టి ఎక్స్‌పోజర్ అంతే పెంచండి. ఆకుల అంచులన్నీ ఒక్కొక్కటిగా వెలుగుతాయి. ఆ వెలుగుతున్నదంతా మీ ఫైల్‌లోంచి పోయిన బొమ్మ.